మిష్‌మిష్‌కు సూది

మా మేడమ్ పెంచుకునే జంతువును మొదటిసారి చూసినప్పుడు అది ముంగిస అనుకున్నాను. ముంగిస ఎదురొస్తే మంచిదంటారు కదా అని దండం కూడా పెట్టుకున్నాను. దండం పెట్టి కళ్లు తెరిచేలోపు అది నా సాక్సు ఒకటి నోట కరుచుకుని సోఫా కిందికి దూరింది. అప్పటి నుంచి మా ఇద్దరికీ పడదు.

దాన్ని ఫెర్రెట్ అంటారట. చూడడానికి ముంగిసకు చుట్టంలా ఉంటుంది గానీ పామును చూస్తే నా కంటే ముందు అదే పారిపోతుంది. రోజులో ముప్పాతిక వంతు నిద్రపోతుంది, మేలుకున్న కాసేపూ దొంగతనాలు చేస్తుంది. బండి తాళం, చెంచాలు, నా సాక్సులు, ఏది దొరికితే అది. సంతోషం పట్టలేనప్పుడు నడుం పైకి వంచి నాలుగు కాళ్ల మీద పక్కకు గెంతుతుంది, బరాత్‌లో కల్లు ఎక్కువైనవాడిలా. మేడమ్ దానికి మిష్‌మిష్ అని పేరు పెట్టింది. అరబ్బీలో అది ఆప్రికాట్ పండు. పండు పేరు పెట్టారు గానీ దాని వాసన పండు వాసన కాదని మనవి.

మేడమ్ పేరు హలీమా. ఒమాన్‌లోని బర్కాలో ఖర్జూర తోటల మధ్య ఆమెకు మొక్కల నర్సరీ ఉంది, ఇల్లూ అందులోనే. భర్త ఓడల్లో ఇంజినీరు, ఇంట్లో కన్నా నీళ్ల మీదే ఎక్కువ ఉంటాడు. నేను నర్సరీ పికప్ డ్రైవర్‌ను. నా పేరు గంగాప్రసాద్, మాది జగిత్యాల వైపు. ఇంటి పని, వంట చూసేది తిరుపతమ్మ, ఆమెది కడప జిల్లా. ఇద్దరిదీ తెలుగే అయినా ఒకరి మాట ఒకరికి అర్థం కాక మొదటి నెలంతా హిందీలో మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను అక్కా అంటాను, ఆమె నన్ను అబ్బీ అంటుంది, రోజుకు రెండుసార్లు పోట్లాడుకుంటాం.

మిష్‌మిష్ కంటే ముందు మేడమ్ దగ్గర లూలూ అని ఇంకో ఫెర్రెట్ ఉండేదట. నేను రాకముందు సంగతి. డిస్టెంపర్ అనే రోగం రాకుండా దానికి టీకా వేయించబోతే, ఫెర్రెట్ల సంగతి తెలియని ఎవరో కుక్కల టీకా వేశారు. అది కుక్కకు మంచిదే. లూలూకు మాత్రం ఆ టీకానే రోగమైంది. మేడమ్ వారం పాటు వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చిందని తిరుపతమ్మ చెప్పింది. మూతి కాలిన పిల్లి మజ్జిగ కూడా ఊదుకుని తాగుతుందంటారు. మేడమ్ అయితే మజ్జిగ గిన్నెనే బయట పారేసింది. మిష్‌మిష్ వచ్చిన రోజే చెప్పేసిందట, ఈ ఇంట్లోకి సూది అన్నది రాకూడదని.

మొన్న చలికాలంలో పక్క తోటలో కుక్కపిల్లలు చచ్చిపోయాయి. కళ్ల నిండా పుసి, ముక్కు కారడం, చివరికి మూర్ఛ. డిస్టెంపర్ అని తేలింది. మా నర్సరీ కంచె దగ్గర నక్కలు తిరుగుతాయి, వీధి కుక్కలు తిరుగుతాయి. మిష్‌మిష్ ఏమో గడప దాటడానికి సందు దొరుకుతుందా అని చూసే రకం.

మస్కట్‌లో ఒక పశువుల క్లినిక్‌కు మొక్కల కుండీలు దించడానికి వెళ్లినప్పుడు అక్కడి డాక్టర్ సుఫియాన్ మనవాడేనని తెలిసింది, కర్నూలు. నాకెందుకులే అనుకుంటూనే అడిగాను. అడిగినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను కూడా, నా సాక్సులు ఎత్తుకుపోయే దాని ఆరోగ్యం నాకెందుకని.

“ఫెర్రెట్‌కు ఆ రోగమొస్తే మందు లేదన్నా, బతకడం కష్టం,” అన్నాడాయన. “దానికి సరిపోయే టీకా ఉంది, తెప్పిస్తా. తీసుకురాపో.”

ఈ మాట తిరుపతమ్మ చెవిన వేశాను. అంతే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి ఆమె. ఆ సాయంత్రమే మేడమ్‌ను వంటింట్లో పట్టుకుంది. అరబ్బీ, హిందీ కలిపి వండిన భాషలో ఆమె అన్నది ఆమె మాటల్లోనే చెబుతాను. ఇక్కడ ఇంటి పనివాళ్లు యజమానురాలిని మామా అంటారు.

“మామా, ఒక్క మాట ఇనండి. నా బిడ్డలకు సూదులేయించినా. మా ఊర్లో ఎనుములకు ఏయించినా. లూలూను సంపింది సూది కాదు, దానిది కాని సూది. ఈ డాక్టరుకు ఏ సూది దేనికో తెలుసు.”

“ఇదీ పోతే?” అంది మేడమ్. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

“పోతే నాది పూచీ. ఆ పొద్దే నా సంచి తీసుకొని ఎల్లిపోతా. మళ్ల నా మొగం మీకు సూపీను.”

మేడమ్ చాలాసేపు మిష్‌మిష్ వీపు నిమురుతూ కూర్చుని, సరేనంది. బయటికి రాగానే నేను అక్క మీద విరుచుకుపడ్డాను.

“గదేందక్కా! గా ముంగిస కోసం నౌకరి పోగొట్టుకుంటవా? కొరివితోని తల గోక్కునుడంటె గిదే!”

“నోరు మూసుకోరా అబ్బీ. లూలూ పోయినప్పుడు ఆయమ్మ ఎట్లుండెనో నువ్వు సూళ్లేదు. ఇది గూడా రోగమొచ్చి పోతే ఆయమ్మను ఎవురు పట్టుకుంటారు?”

 నేను బండి కడుక్కోవడానికి వెళ్లాను.

టీకా రోజు మేడమ్ లోపలికి రానంది. పికప్‌లోనే కూర్చుని జపమాల తిప్పుకుంటోంది. తిరుపతమ్మ, నేను లోపలికి వెళ్లాం. డాక్టర్ సుఫియాన్ మిష్‌మిష్ కళ్లు, పళ్లు, పొట్ట అన్నీ చూసి, జ్వరం కూడా చూసి, ఆరోగ్యంగా ఉంటేనే టీకా వేస్తామన్నాడు.

“ఇది కుక్కల టీకా కాదమ్మా,” అన్నాడు తిరుపతమ్మతో. “కుక్కల దాంట్లో ఆ వైరస్ ప్రాణంతోనే ఉంటాది, బలం తగ్గించి పెట్టుంటారు. కుక్క తట్టుకుంటాది, ఇది తట్టుకోలేదు. దీంట్లో ఆ వైరస్ లేనే లేదు. దాని ముక్క ఒకటి తీసి, పిట్టలకొచ్చే ఇంకో వైరస్‌కు ఎక్కించినారు. ఆ పిట్టల వైరస్ దీని ఒంట్లో పెరగలేదు. ఈ టీకాతో డిస్టెంపర్ వచ్చే దారే లేదు.”

“అయితే భయమే లేదా సారూ?”

“లేదని ఎట్ల చెప్తా? కొన్నిటికి సూది పడదు. మొగం వాస్తాది, వాంతులవుతాయి. వస్తే మాత్రం వెంటనే వస్తాది. అందుకే సూదేసినాక అరగంట ఇక్కడే కూర్చోండి. మందు పక్కనే పెట్టుకొని నేను కనిపెట్టుకొని ఉంటా.”

తిరుపతమ్మ దాన్ని ఒళ్లో పట్టుకుంది. సూది పడింది. మిష్‌మిష్ నా వైపు తిట్టినట్టు చూసింది, వేసింది నేనైనట్టు. ఆ అరగంట నేను దాని మూతి వాస్తుందేమో అని చూస్తూ కూర్చున్నాను. అది వాయలేదు సరికదా, టేబుల్ మీద నుంచి డాక్టరు పెన్ను లాక్కుని నడుం వంచి గెంతింది. డాక్టరు నవ్వాడు. మూడు వారాల తర్వాత రెండో సూది వేయించమన్నాడు. మేము బయటికొచ్చి, మిష్‌మిష్‌ను మోసుకొచ్చిన సంచీ తెరిచి చూపించగానే మేడమ్ దాని ముక్కు మీద ముద్దు పెట్టింది.

తిరుగు దారిలో రుసైల్ దగ్గర తిరుపతమ్మ బండి ఆపమంది. బంగ్లాదేశీ పాన్ దుకాణంలో సున్నం కొనాలంది.

“పాన్ ఎప్పట్నుంచి మొదలువెట్టినవ్ అక్కా?” అన్నాను.

“నీకెందుకురా? బండి తోలు.”

తోలాను.

వారం రోజులు ఇల్లు పండగలా ఉంది. మేడమ్‌కు గుండెల మీద నుంచి బండ దింపినట్టయింది. మిరపనారుకు నీళ్లు పెడుతూ పాడుకునేది. అప్పుడే ఆమె గొంతు కొంచెం బొంగురు పోయింది. ఎరువుల దుమ్ము అంది. మేము నమ్మాం, ఆమే నమ్మింది.

ఆ వారం చివర ఒక పొద్దున మిష్‌మిష్ తుమ్మింది. ఒకటి కాదు, వరసగా. తిండి ముట్టలేదు. కళ్ల నుంచి నీళ్లు కారి చారలు కట్టాయి. నా సాక్సు దాని ముందే పడి ఉన్నా ముట్టలేదు. 

మేడమ్ క్లినిక్‌కు ఫోన్ చేసింది. డాక్టర్ సుఫియాన్ ఇంకా రాలేదట, అక్కడి అమ్మాయి ఎవరో అరబ్బీలో ఒక్కొక్కటే అడుగుతోంది. కళ్ల చుట్టూ ఏమైనా ఉందా? ఉంది, నల్లగా పుసిలా ఉంది. గడ్డం కింద? మేడమ్ దాన్ని వెల్లకిలా తిప్పింది. గడ్డం కింద బొచ్చులో ఎర్రటి పొక్కు. అరికాళ్లు? మేడమ్ ఒక పాదాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. మెత్తగా గులాబీ రంగులో ఉండాల్సిన పాదం ఇటుక రంగుకు తిరిగి, పెళుసుబారి, పగుళ్లిచ్చి ఉంది. నాకు అరబ్బీ అంతంత మాత్రమే గానీ ఫోన్‌లో వినిపించిన డిస్టెంపర్ అన్న మాట మాత్రం బాగా అర్థమైంది. అన్నీ డిస్టెంపర్ గుర్తులే. వెంటనే తీసుకురండి, లోపలికి మాత్రం తేకండి, బండిలోనే ఉండండి అంది.

తిరుపతమ్మ అప్పుడు వంటింట్లో ఉంది. మేడమ్ ఫోన్ పెట్టేసి ఆమె దగ్గరికి వెళ్లింది. అరిచినా బాగుండేది.

“నీ మాట విన్నాను,” అంది, అంతే.

తిరుపతమ్మ మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. ఏమైందని అడగలేదు, లోపలికి పోయి బట్టల సంచి పట్టుకొచ్చింది. బండి వెనక సీట్లో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముందు సీట్లో మేడమ్ ఒళ్లో మిష్‌మిష్. మధ్యలో నేను స్టీరింగ్ పట్టుకుని, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక ఎదురొచ్చే లారీలన్నిటినీ తిట్టుకుంటూ పోయాను. రుసైల్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. మిష్‌మిష్ తుమ్మినప్పుడల్లా వెనక సీట్లో తిరుపతమ్మ “వెంకటేసా” అని గొణిగేది. నాకు ఏడుపొచ్చింది. ఆ దొంగముండ నా సాక్సులన్నీ ఎత్తుకుపోయినా సరే, బతికితే చాలనిపించింది.

క్లినిక్ వెనక తలుపు దగ్గర బండి ఆపాం. డాక్టర్ సుఫియాన్ గౌను, గ్లౌజులు, మాస్కు వేసుకుని వచ్చి, ఎవరినీ దిగనివ్వకుండా మిష్‌మిష్‌ను అది కూర్చున్న సంచీతో సహా తీసుకుపోయాడు. ఆయన మొహంలో నవ్వు లేదు. 

ఎంతసేపు కూర్చున్నామో. మేడమ్ అద్దంలోంచి బయటికి చూస్తోంది. తిరుపతమ్మ సంచి పట్టీని మెలి తిప్పుతోంది. నేను ఇద్దరికీ చెరో నీళ్ల సీసా ఇచ్చాను, ఎవరూ మూత తీయలేదు.

తలుపు తెరుచుకుంది. డాక్టరు వచ్చాడు. గౌను లేదు, మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. చేతిలో చిన్న ట్రే, అందులో దూది ఉండలు. కొన్ని ఎర్రగా, కొన్ని పసుపుగా, ఒకటి నల్లగా. ఆయన పెదవులు బిగబట్టి ఉన్నాడు. ఏడుపు ఆపుకుంటున్నాడనుకున్నాను.

“ఇంతకీ పెండ్లి ఎప్పుడు పెట్టుకున్నారు?” అన్నాడు.

మాకేమీ అర్థం కాలేదు.

“మిష్‌మిష్‌కు. పెండ్లికూతుర్ని చేసినారు కదా? కాళ్లకు పారాణి, కంటికి కాటుక, గడ్డాన చుక్క. ఎవురమ్మా ముస్తాబు చేసింది?”

నేను నెమ్మదిగా వెనక్కి తిరిగాను. సున్నం! తిరుపతమ్మ నోరు తెరుచుకుని ఆ ట్రే వైపే చూస్తోంది.

“సారూ, అది... సూదేసుకొచ్చిన బిడ్డ కదా, అందరూ సూసినారు, దిష్టి తగుల్తాదని... నిన్న రాత్రి పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్లు దిప్పి తీసినా. మిగిలింది పారబోయడమెందుకని ఆ ముద్దే కాళ్లకు పూసినా, గడ్డాన చుక్క పెట్టినా. కంటికి ఇంత కాటుక పెట్టినా. మామా తిడతాదని తెల్లారే కడిగేసినా గదా సారూ!”

“పసుపు సున్నం ఎక్కడ పోతాదమ్మా? పైపైన కడిగినావు, కాళ్లకు ఎండి పెచ్చు కట్టింది. నూనెతో తుడిస్తే ఊడొచ్చింది. కింద పాదం మెత్తగా, మంచిగా ఉంది.”

“మరి తుమ్ములు?” అన్నాను నేను. 

“అదీ చెప్తా. రంగును చూసి నమ్మకూడదని డిస్టెంపర్ పరీక్ష కూడా చేసినా. లేదు. దీనికొచ్చింది జలుబు, ఫ్లూ. మనుషులకొచ్చే ఫ్లూ ఈ జంతువుకు ఇట్టే అంటుకుంటాది. ఇంట్లో ఎవరికైనా జలుబుందా?”

ఇదంతా తెలుగులో నడుస్తుంటే మేడమ్ మా మొహాలు మార్చి మార్చి చూస్తోంది. డాక్టరు ఆమెకు మొత్తం అరబ్బీలో చెప్పడం మొదలుపెట్టాడు. టీకా మంచిదే, పని చేస్తోంది, రోగం లేదు. పారాణి సంగతి వచ్చేసరికి చేతులతో అభినయించి చూపించాడు. చివరికి జలుబు మాట. ఆ మాట వినగానే మేడమ్ “దుమ్ము...” అని మొదలుపెట్టి, పూర్తి చేయకముందే తుమ్మింది. బండి అద్దాలు అదిరేంత తుమ్ము. వెంటనే ఇంకోటి.

ముందు నవ్వింది మేడమే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ల నీళ్లు కారుతుండగా నవ్వింది. దాని ముక్కు మీద రోజూ ముద్దులు పెట్టింది తనే కదా! తర్వాత డాక్టరు, తర్వాత నేను. స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వుతుంటే హారన్ మోగింది, దాంతో ఎవరో పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగారు.

నవ్వనిది తిరుపతమ్మ ఒక్కతే.

డాక్టరు ఆమెను గట్టిగానే మందలించాడు. సున్నం ఒంటిని కాలుస్తుంది, కాటుక కంట్లో మంట పుట్టిస్తుంది, అది కాళ్లు నాక్కుంటే కడుపులోకి పోతుంది. “సూదితో కాదమ్మా, మీతోనే భయంగా ఉంది నాకు,” అన్నాడు. ఆమె తల వంచుకుని వింది. ఇంకెప్పుడూ ఏదీ పూయనని ఒట్టు వేసింది. మేడమ్‌కు కూడా ఒక మాస్కు ఇచ్చి, తగ్గేదాకా ముద్దులు బంద్ అన్నాడు. మిష్‌మిష్‌కు నీళ్లు, మెత్తటి తిండి, విశ్రాంతి చాలన్నాడు. లోపలికి పోయి దాన్ని తెచ్చి మా చేతికిచ్చాడు. తడిసిన బొచ్చుతో, గులాబీ రంగు పాదాలతో, ముక్కు చీదుకుంటూ అది మా అందరినీ తప్పు చేసినవాళ్లను చూసినట్టు చూసింది.

మేడమ్ దాన్ని నాకిచ్చి బండి దిగింది. వెనక తలుపు తెరిచింది. తిరుపతమ్మ సంచి పట్టుకుని కూర్చునే ఉంది.

“దిగు,” అంది మేడమ్.

దిగింది. ఏం జరుగుతుందోనని నేనూ దిగాను. మేడమ్ ఆ సంచి తీసుకుని సీటు మీదికి గిరాటేసింది. మాస్కు సరిచేసుకుంది. ఇక్కడివాళ్లు తప్పు మన్నించమని అడగాలన్నా, పెద్దవాళ్లకు గౌరవం చూపాలన్నా నుదుటి మీద ముద్దు పెడతారు. తల్లికి పెడతారు, అత్తకు పెడతారు. వంటమనిషికి పెట్టడం నేనెక్కడా చూడలేదు. మేడమ్ తిరుపతమ్మ తలను రెండు చేతుల్లోకి తీసుకుని, పాపిట దగ్గర, మాస్కులోంచే ముద్దు పెట్టింది.

“నన్ను మన్నించు,” అంది హిందీలో. “నువ్వు పట్టుబట్టకపోతే నేను దీన్ని భయంతోనే చంపుకునేదాన్ని.”

బండి ఎక్కిన దగ్గర్నుంచి కంట తడి పెట్టని తిరుపతమ్మ అప్పుడు ఏడ్చింది. బావురుమని, క్లినిక్ బయట నిలబడి, పిల్లుల్ని తెచ్చుకున్నవాళ్లందరూ చూస్తుండగా. నాకు నవ్వు రాలేదు. మనిషి ఇంత దూరం వచ్చి ఇన్నేళ్లు పనిచేసేది జీతానికే గానీ, జీతంతో దొరకనిది ఒకటి ఉంటుందని, అది ఆమెకు ఆ పూట దొరికిందని అనిపించింది. నాకు అసూయ కూడా కలిగింది, ఉన్నమాట చెప్పాలి కదా.

ఏడుపు సగంలో ఆపి తిరుపతమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నా వైపు తిరిగింది.

“అబ్బీ, ఫోన్ తియ్యి. మామాను ఇంగోసారి పెట్టమను. నా కూతురికి ఫోటో పంపల్ల.”

మేడమ్‌కు చెప్పాను. ఆమె పకపకా నవ్వి, రెండోసారి ముద్దు పెట్టింది, ఈసారి ఇంకొంచెం సేపు. ఒక చంకలో తుమ్ముతున్న మిష్‌మిష్, ఇంకో చేతిలో ఫోన్, ఫోటో తీసింది నేనే. కళ్లలో నీళ్లు నిండి తెర సరిగా కనిపించలేదు. అందుకే ఆ ఫోటోలో ఇద్దరి మొహాలూ సగం సగమే పడ్డాయి, మిష్‌మిష్ తోక మాత్రం నిండుగా పడింది. కడపలో తిరుపతమ్మ కూతురు దాన్నే ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టుకుందట.